ఎదురు కుర్చీలో ఎవరున్నారు?

లిటరరీ ఫెస్టివల్ ప్రోగ్రాం బయటికి రాగానే అందరూ రచయితల పేర్లు వెతుక్కుంటారు. నేను రెండో పేరు వెతుకుతాను. "ఫలానా రచయితతో సంభాషణ" అని పెద్దక్షరాల్లో వేస్తారు, ఆ సంభాషణ నడిపేది ఎవరో మాత్రం కింద చిన్నక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. "మోడరేటర్: త్వరలో" అని వేసిన ప్రోగ్రాంలు కూడా చూశాను. ఇన్నేళ్లుగా ఈ సభలకి వెళ్తూ, రికార్డింగులు చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం ఒకటుంది: ఆ గంట నిలబడేదీ కూలేదీ ఆ రెండో మనిషి వల్లే. రచయిత గొప్పవాడే కావచ్చు, ఎదురుగా కూర్చున్న మనిషి పుస్తకం చదవకుండా వస్తే ఆ గొప్పతనం గ్రీన్ రూమ్‌లోనే ఉండిపోతుంది. కానీ ఫెస్టివళ్ళు డబ్బు, పేరు, మర్యాద అన్నీ మొదటి పేరు మీద ఖర్చు పెట్టి రెండో పేరును ఆఖరి వారంలో ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో నింపుతున్నాయి. నా గొడవంతా దీని గురించే.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. రచయిత మాటకారి కానక్కర్లేదు. చాలామంది రాయడం మొదలుపెట్టిందే నలుగురిలో మాట పెగలక. 'లోలిత' రాసిన నబొకోవ్ 1973లో తన ఇంటర్వ్యూలు పుస్తకంగా వేస్తూ, ముందుమాటలో తాను మేధావిలా ఆలోచిస్తానని, పేరున్న రచయితలా రాస్తానని, చిన్నపిల్లాడిలా మాట్లాడతానని రాసుకున్నాడు. ఊరికే అన్న మాట కాదది. 1975లో ఫ్రెంచ్ టీవీలో బెర్నార్ పివో నడిపే 'అపోస్ట్రోఫ్' కార్యక్రమానికి పిలిస్తే, ప్రశ్నలు ముందే పంపితేనే వస్తానన్నాడు. వచ్చాక జవాబులు కార్డుల మీద రాసుకుని, బల్ల మీద పేర్చిన పుస్తకాల చాటున పెట్టుకుని చదివాడు. మధ్యమధ్యలో పివో టీ పోస్తూ ఉంటాడు, ఆ టీ పాత్రలో ఉన్నది విస్కీ అని పివోనే తర్వాత బయటపెట్టాడు. దీన్ని మోసంలా చెప్పుకుని నవ్వుతారు గానీ నాకు మాత్రం నిజాయితీగానే కనిపిస్తుంది. తన చేతికి ఏ పనిముట్టు సరిపోతుందో ఆయనకి తెలుసు. మనం మాత్రం మూడేళ్లు ఒంటరిగా గదిలో కూర్చుని ఒక్కో వాక్యం పదిసార్లు తిరగరాసిన మనిషిని తీసుకొచ్చి, వెయ్యిమంది ముందు మైకు చేతికిచ్చి, "మీ నవల గురించి రెండు ముక్కల్లో చెప్పండి" అంటాం.

అసలు చెప్పాలంటే రచయిత వేదికెక్కి జనానికి కనిపించడం అనే వ్యాపారం సంభాషణతో మొదలవ్వలేదు. డికెన్స్ 1858లో టికెట్లు పెట్టి సొంత రచనలు చదవడం మొదలుపెట్టాడు, 1870 మార్చి దాకా చదివాడు, ఆ జూన్‌లో చనిపోయాడు. 400కి పైగా సభలు. అందులో ఎక్కడా "మీకు ప్రేరణ ఎవరు" అని అడిగినవాళ్ళు లేరు. చదివేవాడు, నటించేవాడు, వెళ్లిపోయేవాడు. దానికోసం ప్రత్యేకంగా కుదించిన ప్రతులు తయారు చేసుకున్నాడు, ఎక్కడ గొంతు మార్చాలో ఎక్కడ భయపెట్టాలో అంచుల్లో రాసుకున్నాడు. 'ఆలివర్ ట్విస్ట్'లో నాన్సీ హత్య ఘట్టం చదివే రోజుల్లో డాక్టరు పక్కనే ఉండి నాడి చూసేవాడంటే ఆ చదవడం మీద ఎంత ప్రాణం పెట్టాడో అర్థం చేసుకోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చుకున్నాడని కూడా అనొచ్చు. తర్వాత కూడా ఈ చదివే సంప్రదాయం చాలాకాలం నడిచింది. న్యూయార్క్‌లో 92వ వీధి 'వై' అనే సాంస్కృతిక కేంద్రంలోని పొయెట్రీ సెంటర్ 1939లో మొదలైంది, అక్కడి సభలంటే కవులూ కథకులూ తమ గొంతుతో చదవడమే. ఫెస్టివళ్ళు పెరిగేకొద్దీ ఇది తగ్గిపోయింది. ఇంగ్లండ్‌లో చెల్టెన్‌హామ్ ఫెస్టివల్ 1949 నుంచి నడుస్తోంది, ఆస్ట్రేలియాలో అడిలైడ్ రైటర్స్ వీక్ 1960లో, వేల్స్‌లో హే ఫెస్టివల్ 1988లో, జైపూర్ 2006లో మొదలయ్యాయి. ఇప్పుడు వీటిని చూసి పుట్టిన చిన్నాపెద్దా ఫెస్టివళ్ళకు లెక్కలేదు, ఎక్కడ చూసినా అదే అచ్చు: సోఫాలో ఇద్దరో ఐదుగురో, నీళ్ళ సీసాలు, ఒక గంట, ఆఖర్న ప్రశ్నలు. "ఒక పేజీ చదువుతారా?" అని అడగడం టైము వృథా అనుకునేదాకా వచ్చాం. పుస్తకం గురించి గంటసేపు మాట్లాడి అందులోంచి ఒక్క వాక్యం కూడా వినిపించకుండా లేచిపోయే సభలు ఎన్నో.

సరే, సంభాషణే కావాలనుకుందాం. నాకూ ఇష్టమే. అయితే మంచి సంభాషణకి కావలసింది ఏమిటో తెలియక కాదు, ఎప్పటినుంచో చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. లాస్ ఏంజెలెస్ రేడియోలో 1989 నుంచి 2022 దాకా 'బుక్‌వార్మ్' నడిపిన మైకేల్ సిల్వర్‌బ్లాట్ ఒకరు, కెనడా రేడియోలో 1990 నుంచి 2023 దాకా రచయితలతో మాట్లాడిన ఎలనార్ వాక్టెల్ ఇంకొకరు. వీళ్ళకి పేరొచ్చింది ఒకే ఒక్క కారణంతో, ఎదురుగా ఉన్న మనిషి రాసినవి చదివి వచ్చేవాళ్ళు. కొత్త పుస్తకం ఒక్కటే కాదు, పాతవి కూడా. సిల్వర్‌బ్లాట్ ప్రశ్న ఒక్కోసారి ప్రశ్నలా ఉండదు, ఆ పుస్తకం ఎలా కట్టారో తనకి కనిపించింది చెప్తాడు, అంతే, అవతలి రచయిత ఒక క్షణం ఆగి "అవును, అదే" అంటాడు. ఆ ఆగడంలో ఎంత సంతోషం ఉంటుందో విన్నవాళ్ళకి తెలుస్తుంది. ఇంత శ్రద్ధగా తన పుస్తకం ఎవరైనా చదివారని రచయితకి తెలిసే సందర్భాలు నిజానికి చాలా తక్కువ.

కొత్త పుస్తకంతో తిరుగుతున్న రచయిత దగ్గర ఒక పది జవాబులు టేపులా సిద్ధంగా ఉంటాయి. ఆలోచన ఎలా వచ్చింది, ఇందులో మీ సొంత జీవితం ఎంత, రోజూ ఎన్ని గంటలు రాస్తారు, యువతకి మీరిచ్చే సలహా. ఈ ప్రశ్నలకి అతను నిద్రలో కూడా జవాబు చెప్పగలడు, వేదిక మీద చెప్తున్నది కూడా దాదాపు నిద్రలోనే. ఒకే రచయిత మూడు వేర్వేరు ఊళ్ళలో ఇచ్చిన సభల రికార్డింగులు వరసగా చూడండి, అవే జోకులు, అవే చోట్ల విరామాలు, చివరికి అదే "మంచి ప్రశ్న అడిగారు". తప్పు రచయితది కాదు. అడిగిందే అడిగితే చెప్పిందే చెప్తాడు. మోడరేటర్ చెయ్యాల్సిన పని ఆ టేపు ఆపించడం. దానికి అడ్డదారులు లేవు, పుస్తకం తెరిచి ఫలానా పేజీ దగ్గర ఆగాలి. "మొదటి వంద పేజీలూ తల్లిని పేరుతో పిలిచిన కథకురాలు తర్వాత ఒక్కసారి కూడా పేరు ఎత్తదు, ఎందుకు?" ఇలాంటిది ఒక్కటి పడితే చాలు, సోఫాలో వెనక్కి వాలి కూర్చున్న రచయిత ముందుకు వస్తాడు. నేను చూసిన ఒక సభలో సరిగ్గా ఇలాగే జరిగింది. మోడరేటర్ ఒక పేరా చదవమని అడిగింది, ఆయన చదివాడు, చదువుతూ మధ్యలో తనే ఆగి, ఈ వాక్యం ఇప్పుడు రాస్తే ఇలా రాయను అన్నాడు. తర్వాత అరగంట ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరిగింది. పుస్తకం చదవనివాళ్ళకి కూడా ఎక్కడా విసుగు పుట్టలేదు, ఎందుకంటే ఒక మనిషి ఆలోచించడం కళ్ళముందు జరుగుతోంది.

ఇంకో పక్క చూడండి. వెనక అట్ట మీద రాసిన నాలుగు వాక్యాలే ప్రశ్నలుగా మార్చి అడిగేవాళ్ళు ఒక రకం. ప్రశ్న నాలుగు నిమిషాలు అడిగి, అందులోనే జవాబు కూడా చెప్పేసి, చివర "ఏమంటారు?" అని వదిలేసేవాళ్ళు రెండో రకం. ఇంకో రకం మిత్రబృందం, పాతికేళ్ల స్నేహం గురించి లోపలి జోకులు వేసుకుని వాళ్ళలో వాళ్ళే నవ్వుకుంటారు, ఎదుట కూర్చున్న మూడొందల మంది పిలవని పెళ్ళికి వచ్చినట్టు చూస్తుంటారు. అన్నిటికంటే నన్ను చిరాకు పెట్టేది నిశ్శబ్దం అంటే భయపడే మోడరేటర్. రచయిత ఆలోచిస్తూ ఐదు సెకన్లు ఆగితే చాలు, టెన్షన్ పడిపోయి ఇంకో ప్రశ్న విసిరేస్తాడు. ఆ ఐదు సెకన్ల తర్వాత వచ్చేదే అసలు జవాబు కావచ్చు, ఆ సంగతి ఇక ఎప్పటికీ తెలియదు.

ఇందులో మోడరేటర్లని మరీ తిట్టడం కూడా న్యాయం కాదు. రేడియో మనిషికి అది ఉద్యోగం, వెనక టీము ఉంటుంది, వారానికో రచయిత. ఫెస్టివల్ మోడరేటర్ పరిస్థితి వేరు. పది రోజుల ముందు ఫోనొస్తుంది, మూడు సెషన్లు అప్పగిస్తారు, పుస్తకాల పీడీఎఫ్‌లు మెయిల్లో పడతాయి, చాలాచోట్ల పారితోషికం ఊసే ఉండదు, "మీకు కూడా మంచి ఎక్స్‌పోజర్ కదండీ" అంటారు. పన్నెండు వందల పేజీలు పది సాయంత్రాల్లో చదివి, నోట్సు రాసుకుని, ప్రశ్నలు తయారు చేసుకోమని ఊరికే అడగడం ఎలా కుదురుతుంది? పైగా అచ్చు ఇంటర్వ్యూకి ఉండే వెసులుబాటు వేదికకి లేదు. పారిస్ రివ్యూ 1953లో మొదటి సంచికలోనే ఇంగ్లిష్ నవలాకారుడు ఇ. ఎం. ఫార్‌స్టర్ ఇంటర్వ్యూ వేసింది, అప్పటినుంచి ఆ పత్రిక పద్ధతి ఏమిటంటే మాట్లాడింది రాసుకున్నాక రచయిత కూడా దాన్ని చూసి దిద్దుతాడు. ఒక్కో ఇంటర్వ్యూ పలు విడతల్లో తయారయ్యేది. చదివితే అలవోకగా మాట్లాడుకున్నట్టే ఉంటుంది గానీ వెనక ఎంతో దిద్దుబాటు ఉంది. వేదిక మీద నోటినుంచి జారింది జారినట్టే ఉంటుంది. తర్వాత దిద్దే వీలు లేదు కాబట్టే చదవడం, ఆలోచించడం, ప్రశ్నలు కూర్చుకోవడం అన్నీ ముందే జరగాలి.

ప్యానెళ్ళ లెక్క ఇంకా ఘోరం. ఐదుగురు రచయితలు, ఒక మోడరేటర్, యాభై నిమిషాలు. పరిచయాలకి ఎనిమిది, ప్రేక్షకుల ప్రశ్నలకి పది, మోడరేటర్ సొంత మాటలకి ఏడు తీసేస్తే మిగిలింది ఇరవై ఐదు. మనిషికి ఐదు నిమిషాలు. అంశం చూస్తే "సాహిత్యం, సమాజం, రేపటి ప్రపంచం" లాంటిదేదో ఉంటుంది. ఐదు నిమిషాల్లో రేపటి ప్రపంచం! దీని వెనక కారణం సాహిత్యం కాదు, సర్దుబాటు. ఖర్చు పెట్టి రప్పించిన వాళ్ళని ఒక్క సెషన్‌తో పంపిస్తే బాగోదు, కాబట్టి రెండు మూడు ప్యానెళ్ళలో ఇరికిస్తారు. పేర్లు ఎక్కువుంటే పోస్టరు నిండుగా ఉంటుంది, స్పాన్సరుకి కూడా చూపించుకోవచ్చు.

ప్యానెల్ అంటేనే వ్యర్థం అని మాత్రం అనను. 1962 ఆగస్టులో ఎడింబరోలో జాన్ కాల్డర్ అనే ప్రచురణకర్త ఏర్పాటు చేసిన రచయితల సమావేశం గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. డజన్ల కొద్దీ రచయితలు, ఐదు రోజులు, పెద్ద హాలు నిండా డబ్బిచ్చి వచ్చిన జనం. నార్మన్ మెయిలర్, మేరీ మెకార్తీ, హెన్రీ మిల్లర్, అప్పటికింకా పెద్దగా ఎవరికీ తెలియని విలియం బరోస్ అందరూ ఉన్నారు. స్కాటిష్ సాహిత్యం మీద చర్చ జరిగిన రోజు పెద్దాయన, కవి హ్యూ మెక్‌డయర్మిడ్‌కీ నవలాకారుడు అలెగ్జాండర్ ట్రోకీకీ జనం ముందే పెద్ద గొడవైంది. ఒక రోజు మొత్తం సెన్సార్‌షిప్‌కే కేటాయించారు. అంతమందితో అది ఎలా నడిచిందంటే నిజమైన అభిప్రాయభేదం ఉంది కాబట్టి, మర్నాడు మళ్ళీ అదే మనుషులు అదే హాల్లో కూర్చోవాలి కాబట్టి. నిన్న అన్న మాటకి ఇవాళ బదులు చెప్పాలి. ఇప్పటి ప్యానెళ్ళలో ఒకరినొకరు చదవని ఐదుగురు ఒకరినొకరు పొగుడుకుని యాభయ్యో నిమిషానికి సంతకాల బల్ల దగ్గరికి లేస్తారు. గొడవ పడటానికైనా ఎదుటివాడి పుస్తకం చదివి ఉండాలి కదా.

ఇక ఆ ఆఖరి పది నిమిషాలు. "నాది ప్రశ్న కాదండీ, చిన్న అభిప్రాయం" అని మొదలయ్యే అప్రస్తుత ప్రసంగం ప్రపంచంలో ఏ భాషలో సభ పెట్టినా తప్పదు. దీని మీద జోకులు చాలా ఉన్నాయి కాబట్టి నేను కొత్తగా వెయ్యను. ఇందులో జోకు కానిది ఒకటుంది. విశ్వవిద్యాలయాల సెమినార్ల మీద 2018లో అలీసియా కార్టర్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. పది దేశాల్లో 250 దాకా సెమినార్లు గమనిస్తే, ఒక ప్రశ్న మగవాళ్ళనుంచి వచ్చే అవకాశం ఆడవాళ్ళనుంచి వచ్చేదానికంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. మొదటి ప్రశ్న మగవాడు అడిగినప్పుడు ఆ తేడా ఇంకా పెరిగింది. అవి సెమినార్లే, సాహిత్య సభలు కావు, కానీ మైకు ఎవరి చేతుల్లోకి వెళ్తుందో చూసినవాళ్ళెవరూ ఇది వేరే లోకం సంగతి అనరు. సాహిత్య సభల హాల్లో చాలాసార్లు ఆడవాళ్ళే ఎక్కువమంది, మైకు మాత్రం ముందు వరసలో చెయ్యెత్తిన పెద్దమనిషికి పోతుంది. మొదటి ప్రశ్న ఎవరికివ్వాలో చూసుకోవడం, చీటీల మీద ప్రశ్నలు రాయించుకుని వాటిలోంచి ఏరడం, పక్కదారి పట్టిన ప్రసంగాన్ని నొప్పించకుండా ఆపడం కూడా ఎదురు కుర్చీ పనే. దీనికి కూడా అనుభవం కావాలి, అందుకే ఇది వాలంటీరుగా వచ్చిన కొత్త కుర్రాడి మీదికి తోసెయ్యాల్సిన పని కాదు.

ఇంత సణుగుతున్నావు, మానెయ్యొచ్చు కదా, వీడియోలున్నాయి, పాడ్‌కాస్టులున్నాయి అంటారు. ఫెరాంతే లాంటి రచయిత్రి మొహమే చూపించకుండా ప్రపంచమంతా పాఠకుల్ని సంపాదించుకుంది కదా అని కూడా అంటారు. నిజమే. ఆమెకి వేదిక అక్కర్లేదు. కానీ మనుషులు ఒక చోట కూడి, ఒక రచయితని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినడంలో ఏమీ లేకపోతే దాన్ని ఆపడానికి కొందరు అంత కష్టపడరు. 2012 జనవరిలో జైపూర్‌కి సల్మాన్ రష్దీ రాలేకపోయాడు, ఆఖరికి వీడియోలో మాట్లాడతానంటే అది కూడా హింస జరుగుతుందన్న భయంతో రద్దయింది. ఆయన 'ది సటానిక్ వర్సెస్' నవల నుంచి కొన్ని భాగాలు వేదిక మీద చదివిన నలుగురు రచయితలు ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. పదేళ్ళ తర్వాత, 2022 ఆగస్టు 12న, న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వాలో సంభాషణ మొదలవ్వబోతుండగా ఆయన మీద కత్తితో దాడి జరిగింది, ఒక కన్ను పోయింది. ఆ రోజు ఎదురు కుర్చీలో ఉన్నది హెన్రీ రీస్, తమ దేశాల్లో బతకలేని రచయితలకి పిట్స్‌బర్గ్‌లో ఆశ్రయమిచ్చే సంస్థని స్థాపించినవాళ్ళలో ఒకరు. అప్పుడు మాట్లాడాల్సింది కూడా దాని గురించే. డెబ్బై దాటిన ఆ మనిషి దాడి చేసినవాడి మీదికి వెళ్లాడు, తను కూడా గాయపడ్డాడు. అలాంటి ధైర్యం ఏ మోడరేటర్ నుంచీ ఎవరూ ఆశించరు, ఆశించకూడదు. అంతమందిని కదిలించేంత బరువున్న వేదిక మీదికి పుస్తకం చదవకుండా రావడం ఎంత చిన్నతనమో చెప్పడానికే ఇది తెచ్చాను.

డబ్బు సంగతి లేకుండా ఇది పూర్తికాదు. 2016 జనవరిలో బ్రిటిష్ నవలాకారుడు ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్ లిటరరీ ఫెస్టివల్ పోషక పదవి వదులుకున్నాడు. రచయితలకి పారితోషికం ఇవ్వడం లేదని. టెంటు వేసినవాళ్ళకి డబ్బిస్తారు, లైట్లు పెట్టినవాళ్ళకి ఇస్తారు, ఎవరి కోసం జనం వచ్చారో వాళ్ళకి మాత్రం ఇవ్వరన్నది అక్కడి రచయితల బాధ. ఆ తర్వాత కొన్ని చోట్ల మార్పు వచ్చింది. 2024లో ఇంకో చిక్కు వచ్చిపడింది. బెయిలీ గిఫోర్డ్ అనే పెట్టుబడి సంస్థ డబ్బు ఎక్కడెక్కడ పెడుతోందన్న దాని మీద రచయితలు నిరసన తెలిపితే హే, ఎడింబరో ఆ స్పాన్సర్‌షిప్‌కి దూరమయ్యాయి, చివరికి ఆ సంస్థ బ్రిటన్‌లో సాహిత్యోత్సవాలన్నిటికీ డబ్బివ్వడం ఆపేసింది. స్పాన్సరు పోతే ముందు కోత పడేది ఎక్కడో ఊహించడం కష్టం కాదు. పోస్టరు మీద మొదటి పేరుకి కోత పడదు. అందుకే నాకు ఫెస్టివల్ చిన్నదైతేనే మేలనిపిస్తుంది. ఐదు వేదికలు, రెండొందల మంది రచయితల బదులు ఒక వేదిక, పదిమంది రచయితలు, ప్రతి ఒక్కరికీ మూడు నెలల ముందే కుదుర్చుకున్న, డబ్బిచ్చి కుదుర్చుకున్న పాఠకుడు ఎదురుగా. జనం తగ్గుతారా? తగ్గొచ్చు. సెల్ఫీ కోసం వచ్చేవాళ్ళు తగ్గుతారు. వాళ్ళని నేను తక్కువ చేసి చూడను, సంతకాల క్యూలో గంట నిలబడటం కూడా ప్రేమే, ఆ క్యూకి ఎవరూ అడ్డు రానక్కర్లేదు.

అలాంటి పాఠకుల్ని ఎక్కడినుంచి తెస్తారంటారా, ఒక వర్గం మన కళ్ళముందే ఉంది, పిలవడం లేదంతే. అనువాదకులు. ఒక పుస్తకంలో ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇదెందుకిలా ఉంది అని అడిగిన మనిషి రచయిత తర్వాత అనువాదకుడే. ఇంటర్నేషనల్ బుకర్ 2016 నుంచి 50,000 పౌండ్ల బహుమతిని రచయితకీ అనువాదకుడికీ సగం సగం ఇస్తోంది. 2022లో గీతాంజలి శ్రీతో పాటు డెయిజీ రాక్‌వెల్, 2025లో బాను ముష్తాక్‌తో పాటు దీపా భస్తి వేదికెక్కారు. బహుమతి దగ్గర ఇంత మర్యాద దక్కినవాళ్ళని ఫెస్టివల్లో ఏం చేస్తున్నారు? మూడో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చివర్లో "అనువాదం కష్టంగా అనిపించిందా?" అని ఒక్క ప్రశ్న అడిగి వదిలేస్తున్నారు, లేదా రచయిత మాటలు తర్జుమా చేసే పని అప్పగిస్తున్నారు. ఆ మూడో కుర్చీ తీసి రెండో కుర్చీ ఇవ్వండి. అనువాదకులు రచయితని వెనకేసుకొస్తారేమో, గట్టిగా అడగరేమో అని ఒక నిర్వాహకుడు నాతో అన్నాడు. అనువాదకులతో ఎప్పుడైనా తీరిగ్గా మాట్లాడి చూడండి. ఫలానా అధ్యాయంలో కాలం లెక్క కుదరలేదని, ఫలానా పాత్ర వయసు రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని, ఆ ముగింపు తమకి నచ్చలేదని, అన్నీ పేజీ నంబర్లతో సహా చెప్తారు. వేదిక మీద అడగమని ఎవరూ పిలవలేదు కాబట్టి ఊరుకున్నారంతే.